ఎదురుకాళ్ళ ఈరక్క మనవరాలు

ఈరక్క ఈ లోకంలోకి కాళ్ళు ముందు పెట్టి వచ్చింది. తక్కిన జనమంతా తలకాయతో వస్తారు, వచ్చాక ఆ తలకాయను ఏం చేసుకోవాలో తెలియక జీవితమంతా అవస్థ పడతారు. ఈరక్క ఆ పొరపాటు చేయలేదు. రొళ్ల దగ్గర వాళ్ళ పల్లెలో మంత్రసాని పొద్దంతా చెమటలు కక్కి ఆ బిడ్డను బయటికి లాగింది. తల్లీబిడ్డా బతికారని తేలాక ఆమె అన్న మొదటి మాట ఇది: "ఎదురుకాళ్ళ పిల్లమ్మా! ఇంక ఈ ఊళ్ళో నడుం నొప్పికి మందు దొరికినట్లే."

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు కుడికాలితో తొక్కితే పట్టేసిన నడుం విడుస్తుందని ఆ సీమలో నమ్మకం. అది నమ్మకమా నిజమా అని నడుం బాగున్నవాళ్ళు తీరిగ్గా వాదించుకోవచ్చు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయి, పైకి లేవలేక, కిందికి కూర్చోలేక నిలబడ్డ మనిషికి అంత తీరిక ఉండదు. ఎవరి కాలైనా సరే, తొక్కితే చాలనిపిస్తుంది.

అందువల్ల ఈరక్క చిన్నతనం చాలా వైభవంగా గడిచింది. శెనక్కాయలు పీకే రోజుల్లో చేలగట్ల మీద మనుషులు వరసగా బోర్లా పడుకుంటే, ఫ్రాకు వేసుకున్న ఈ పిల్ల వాళ్ళ నడుముల మీద కాలు పెట్టుకుంటూ పోయేది. బడిలో ఎక్కాలు అప్పజెప్పకపోయినా అయ్యవారు బెత్తం ఎత్తేవాడు కాదు. ఆయనకూ నడుం ఉంది కదా.

పెళ్ళిచూపులు కూడా అట్లాగే జరిగాయి. ధర్మవరం నుంచి నేతపని చేసే ఒక పెద్దమనిషి తన కొడుకు నాగప్పను వెంటబెట్టుకుని వచ్చాడు. హిందూపురం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, ఆ కుదుపులకు ఆయన నడుం దారిలోనే పట్టేసింది. ఇంట్లోకి వచ్చి కుర్చీ వద్దన్నాడు, కాఫీ వద్దన్నాడు, చాప మీద బోర్లా పడుకుని, "ముందు ఇది చూడు తల్లీ, తక్కినవన్నీ ఆమీన మాట్లాడుకుందాం" అన్నాడు. ఈరక్క కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, కాబోయే మామగారి నడుం మీద కాలు పెట్టింది. ఆయన లేచి, గుమ్మం దాకా నడిచి, తిరిగి వచ్చి, "పిల్ల నచ్చింది" అన్నాడు. పెళ్ళికొడుకు అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఆ తర్వాత కూడా ఆ ఇంట్లో అదే ఆనవాయితీగా నిలిచిపోయింది.

ఎదురుకాళ్ళ మనిషికి ధర్మవరాన్ని మించిన అత్తగారిల్లు దొరకదు. గుంతమగ్గం అంటే నేలలో గొయ్యి తవ్వి, అందులో కాళ్ళు వేలాడేసి, నేలకు సమంగా కూర్చుని పొద్దస్తమానం వంగి నేయడం. అట్లాంటి మగ్గాలు వీధి వీధికీ ఉన్న ఊళ్ళో నడుములు పట్టక ఏం చేస్తాయి? ఈరక్క గుమ్మం ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు వంకరగా నిలబడి ఉండేవారు. ఆమె ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. దానికి బదులుగా కడుపునిండా తిట్టేది. "సెల్లు చూసుకుంటా అడ్డదిడ్డంగా పడుకుంటావు, నడుం పట్టక ఏమైతాదప్పా? బోర్లా పడుకో. ఊపిరి బిగబట్టొద్దు. నీ నడుం మీద నా కాలు పెట్టాల్నంటే నాకే సిగ్గయితాంది, కొంచెం స్నానం చేసి రాకూడదా?" తిట్టు, దాని వెనకే తొక్కు. సగం నొప్పి తిట్టుకే పోయేదని వచ్చినవాళ్ళు చెప్పుకునేవారు. స్కానింగు సెంటర్లు వచ్చాక కూడా జనం తగ్గలేదు. ఫిల్ము కవరు చంకలో పెట్టుకుని, ఎందుకైనా మంచిదని, ఇక్కడికీ వచ్చిపోయేవారు.

ఇదంతా గిట్టని మనిషి ఆ ఇంట్లో ఒకరే. కోడలు సుధారాణి. కొడుకు మురళి పట్టుచీరల అంగట్లో పనిచేస్తాడు, సుధారాణి సచివాలయంలో ఉద్యోగం. "అత్తా, నువ్వు పెద్దోళ్ళను ఏమన్నా తొక్కుకో, నేను కాదనను. పిల్ల ముందర మాత్రం ఈ ఎదురుకాళ్ళ కత చెప్పొద్దు" అని మొదట్లోనే గీత గీసింది. ఈరక్క ఒప్పుకుంది. ఒప్పుకోవడం వేరే సంగతి, నోరు ఊరుకోవడం వేరే సంగతి.

ఎందుకంటే మనవరాలు వర్షిణి కూడా కడుపులో ఎదురు తిరిగిన బిడ్డే. (ధర్మవరంలో వాన పడేది తక్కువ, వర్షిణులు ఎక్కువ. ఆ పిల్ల చదివే ఎల్‌కేజీలోనే ఇంకో ఇద్దరున్నారు.) తల కిందికి తిరగలేదని డాక్టరమ్మ ఆపరేషన్ చేసి తీసింది. పక్కింటి శారదమ్మ అక్కడే మెలిక పెట్టింది. "కడుపు కోసి తీసినాక ఏది ముందొస్తే ఏముండాది? ఆ గుణం వీళ్ళకు రాదు" అని. ఈరక్క ఊరుకుంటుందా? కోడలికి ఇంకా మత్తు వదలకముందే ఆపరేషన్ గది తలుపు దగ్గర డాక్టరమ్మను పట్టుకుంది. "అమ్మా, బిడ్డ బయటికొచ్చేటప్పుడు ముందర ఏమొచ్చినాది?" డాక్టరమ్మ పాపం అలిసిపోయి ఉంది. "కాళ్ళు పట్టుకునే తీశామమ్మా" అంది. ఈరక్క వీధి వీధంతా చెప్పుకుంది. శారదమ్మ మాత్రం తన మాట మీదే నిలబడింది. పిల్లకు నాలుగేళ్ళు నిండినా ఆ తగువు తేలలేదు.

ఒక ఆదివారం జనం మరీ ఎక్కువగా వచ్చిపోయారు. మధ్యాహ్నం ఈరక్క గోడకు ఆనుకుని కూర్చుని మడమకు ఆముదం రాసుకుంటోంది. వర్షిణి వచ్చి పక్కన చేరింది.

"నీ కాలికి ఏమైందవ్వా?"

"ఊరోళ్ళ నడుములన్నీ తొక్కి తొక్కి అరిగిపోయినాది తల్లీ." గీత గీసిన కోడలు ఇంట్లో లేదు. ఈరక్క ఆముదం చేత్తోనే పిల్ల కుడిపాదాన్ని ఒళ్ళోకి తీసుకుని ముద్దు పెట్టుకుంది. "ఇదో, ఇది సూడు, ఎంత కొత్తగుండాదో! నీదీ నా మాదిరి కాలే. బంగారు కాలు. జాగ్రత్తగా పెట్టుకోవాల. రేపు నాకు నడుం పడితే ఈ కాలే కదా తొక్కాల్సింది. మీ అమ్మతో అనొద్దు, నన్ను ఇంట్లోంచి ఎళ్ళగొడతాది."

పిల్ల తల ఊపింది. ఈరక్క ఆముదం గిన్నె లోపల పెట్టింది. ఆ మాట అక్కడే మరిచిపోయింది.

మర్నాడు పొద్దున వర్షిణి కుంటింది.

మొదట చూసింది నాగప్ప. మగ్గం గుంతలో కూర్చున్నవాడికి ఇంట్లో తిరిగే మనుషుల ముఖాలకన్నా పాదాలే ఎక్కువ కనిపిస్తాయి. ఎవరు కోపంగా ఉన్నారో, ఎవరు బయటికి పోతున్నారో ఆయన కాళ్ళను బట్టే చెప్పగలడు. పోగు విసిరే నాడె చేతిలో ఆగిపోయింది.

"మేయ్, పాప కుంటుతాంది సూడు."

"యాడ? ఏ కాలు?"

"కుడికాలు."

ఈరక్క చేతిలో దోసెల గరిటె అట్లాగే ఉండిపోయింది. వర్షిణి ఎడమకాలు గట్టిగా వేసి, కుడికాలు వేళ్ళ కొసలు మాత్రం ఆనించి, ఎగిరెగిరి పెరట్లోకి పోయింది. నిన్నటి దాకా వీధిలో గెంతిన పిల్ల!

ఇంట్లోవాళ్ళంతా ఆ పాదం చుట్టూ చేరారు. ముల్లు గుచ్చుకుందేమోనని చూశారు, లేదు. గాజుపెంకు లేదు. వాపు లేదు, వేడి లేదు. సుధారాణి స్కూలు బూట్లలో చేయి పెట్టి తడిమింది, రాయీ లేదు, మేకూ లేదు.

"నొప్పి ఉందా బంగారూ?"

"లేదు."

"కిందపడినావా?"

"లేదు."

"ఎవురన్నా తోసినారా?"

"లేదు."

"పిల్ల ఓర్చుకుంటాంది" అన్నాడు మురళి. ఆ మాటతో అందరికీ ఏడుపొచ్చింది. వర్షిణి మాత్రం దోసె అడిగింది.

ఈరక్కకు నిజంగా భయం వేసింది. ఎడమకాలు కాదు, కుడికాలే ఎందుకు కావాలి? ఆ కాలును ఒళ్ళో పెట్టుకుని బంగారు కాలు అని మురిసిపోయిన నోరు ఎవరిది? ఊళ్ళో ఇంతమందికి కాలు పెట్టి నొప్పి తీసిన తన దిష్టి తన పిల్ల కాలికే తగిలిందా? ఈ పాపం కోడలితో చెప్పుకోవడానికి లేదు. చెప్పుకుంటే ఆదివారం మాటలన్నీ బయటపడతాయి. అందుకని ఆమె శారదమ్మతో దిష్టి తీయించింది, ఎవరి దిష్టి అన్నది చెప్పకుండా. శారదమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. వీధి సగం దగ్గింది. మగ్గం గుంతలో నాగప్ప కళ్ళు నీళ్ళు కార్చుకుంటూ పైకి వచ్చాడు. శారదమ్మ మాత్రం, "ఘాటే రాలేదు సూడు, గట్టి దిష్టే తగిలినాది" అని తేల్చింది. ఆమెకు ఆ వారం జలుబు.

దిష్టికి కాలు లొంగలేదు. సుధారాణి వాడుకగా చూపించే పిల్లల డాక్టరు చూసి, జ్వరం లేదు కాబట్టి కంగారు వద్దని, ఎందుకైనా మంచిది హిందూపురంలో ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించమని అన్నాడు. ఎముకల డాక్టరు అనగానే ఈరక్క చెంగు నోట్లో కుక్కుకుంది. సుధారాణి సెలవు పెట్టింది. అత్తా కోడళ్ళు పిల్లను తీసుకుని పొద్దున ప్యాసింజరు ఎక్కారు.

రైల్లో ఒక కుంటే పిల్ల ఉంటే పెట్టె మొత్తం డాక్టర్లే. క్యాల్షియం తక్కువన్నారు, స్కూలు సంచి బరువన్నారు, చిప్స్ తినడం వల్లనన్నారు. సుధారాణి అన్నిటికీ తల ఊపింది. పెనుకొండలో అమీర్‌సాబ్ ఎక్కాడు. హిందూపురం చింతపండు మండీలో మూటలు ఎత్తే మనిషి, పెనుకొండలోని బాబయ్య దర్గాకు పోయి వస్తున్నాడు. ఎక్కడమే వంకరగా ఎక్కాడు. ఇదివరకు తన నడుం తొక్కిన ఈరక్కను చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఈరక్కా! బాబయ్యే నిన్ను ఈడికి పంపించినాడు. మూడు దినాలుగా నడుం పట్టేసి సస్తాండా."

"ఏమప్పా, రైల్లోనా? నా పిల్ల కష్టంలో నేనుండా."

"పిల్ల కష్టం బాబయ్య సూసుకుంటాడు. నా కష్టం నువ్వు సూసుకో" అని దర్గా చక్కెర వర్షిణి చేతిలో పోసి, సీట్ల మధ్య తువ్వాలు పరిచి బోర్లా పడుకున్నాడు అమీర్‌సాబ్. పల్లీలమ్మేవాడు బుట్టతో ఆగిపోయాడు. దారి లేదు మరి. సుధారాణి కిటికీలోంచి కొండల్ని చాలా శ్రద్ధగా చూడసాగింది. ఈ ఆడమనిషితో తనకేమీ సంబంధం లేదన్నట్టు.

ఈరక్క పైనున్న కడ్డీ పట్టుకుని, ఊగే రైల్లో, తిట్టవలసినవన్నీ తిట్టి తొక్కింది. అమీర్‌సాబ్ లేచి రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. పెట్టెలో కొందరు చప్పట్లు కొట్టారు. ఈరక్క రొప్పుతూ కూర్చుని మడమ పిసుక్కుంది. "అబ్బా, పూర్తిగా అరిగిపోయినాదబ్బా ఈ కాలు. ఇంక నాతో కాదు."

వర్షిణి చక్కెర నాకడం ఆపి అవ్వ కాలు వైపు చూసింది. తర్వాత తన కుడికాలును సీటు మీదికి లాక్కుని గౌను కింద కప్పెట్టింది.

హిందూపురంలో దిగేసరికి ఆ కాలు నేలకు ఆనడమే మానేసింది. "ఎక్కేటప్పుడు వేళ్ళయినా ఆనించింది కదత్తా!" అని సుధారాణి ప్లాట్‌ఫారం మీదే ఏడ్చేసింది. ఎప్పుడూ పదిమందిలో ఏడవని కోడలు ఏడిస్తే ఈరక్క అక్కడ నిలవలేకపోయింది. పిల్లను చంకనెత్తుకుని ఆటో దాకా దాదాపు పరుగెత్తింది. ఈ కాలు బాగైతే చాలు, ఇంక జన్మలో దీని గురించి ఒక్క గొప్పమాట కూడా అనను అని దారి పొడుగునా తెలిసిన దేవుళ్ళందరికీ, మధ్యలో బాబయ్యకూ మొక్కుకుంది.

డాక్టరు కుర్రవాడు, ఓపికైనవాడు. మోకాలు మడిచాడు, తుంటి తిప్పాడు, పాదం నొక్కాడు. ఎక్స్‌రే తీయించాడు. పిల్ల కిలకిల నవ్వింది, చక్కిలిగింతలు పెడుతున్నాడని.

"నొప్పి ఉందా పాపా?"

"లేదు."

"మరి ఎందుకు కుంటుతున్నావు?"

వర్షిణి అవ్వ వైపు చూసింది. పెదవులు గట్టిగా బిగించింది. నన్ను కాపాడవ్వా అని పిల్ల చూస్తోందనుకుని ఈరక్క కళ్ళు ఒత్తుకుంది.

"ఎముకకు ఏమీ లేదు. పిల్లలకు జలుబు, జ్వరం వచ్చి తగ్గాక ఒక్కోసారి తుంటి కీలులో ఇట్లా వస్తుంది, దానంతటదే పోతుంది. కొన్నాళ్ళు ఎక్కువ నడిపించకండి. జ్వరం వచ్చినా, నొప్పి అన్నా వెంటనే తీసుకురండి" అన్నాడు డాక్టరు.

ఎక్కువ నడిపించవద్దన్న మాటను ఈరక్క అసలు నడిపించవద్దన్నట్టు పాటించింది. స్టేషన్లో ఎత్తుకుంది, ఇంటికొచ్చాక పెరట్లోకి ఎత్తుకుంది, టీవీ దగ్గరికి ఎత్తుకుంది. వర్షిణి నేతిదోసెల మీద పెరిగిన పిల్ల, గాలికి ఎగిరిపోయే రకం కాదు. మర్నాడు పొద్దున స్నానానికని మంచం దగ్గర వంగి పిల్లను ఎత్తబోయేసరికి ఈరక్క నడుంలో కటుక్కుమంది.

ఆమె నిదానంగా, గోడ పట్టుకుని, నేల మీదికి దిగి, బోర్లా పడుకుంది. అంతమందిని ఆ భంగిమలో చూసిన మనిషి, తాను ఆ భంగిమలో నేలను చూడటం అదే మొదలు. మంచం కింద ఎప్పుడో పోయిన గంటె కనిపించింది.

"ఏమయ్యా! నా నడుం పట్టేసినాదయ్యా!"

వార్త నిమిషాల్లో వీధి దాటింది. ఈరక్క కాలికింద పడుకున్నవాళ్ళంతా వచ్చి, ఆమె చుట్టూ నిలబడి, ఆమె చెప్పిన మాటలే ఆమెకు అప్పజెప్పారు. "ఊపిరి బిగబట్టొద్దక్కా." "అడ్డదిడ్డంగా వంగుతావు, పట్టక ఏమైతాది?" ఈరక్క నేలకేసి పళ్ళు కొరికింది. వైద్యం తెలిసినా ఏం లాభం? ఎదురుకాళ్ళ మనిషి తన నడుం తాను తొక్కుకోలేదు. శారదమ్మ ఉపాయం చెప్పింది: "ముదిగుబ్బలో గొర్రెలు కాసే ఒకాయప్ప ఉండాడంట. ఎదురుకాళ్ళే, ఆపరేషన్ కేసు కాదు, అసలుదే." నాగప్ప మారుమాట లేకుండా సంచి భుజాన వేసుకుని చెప్పులు వెతుక్కోసాగాడు. సుధారాణి ఒక మాత్ర మింగించి, వేడినీళ్ళ సంచి నింపుకురావడానికి లోపలికి పోయింది.

అప్పుడు వర్షిణి మంచం దిగింది. ఎడమకాలి మీద ఎగురుకుంటూ, మనుషుల మధ్య దూరుకుంటూ వచ్చింది.

"అవ్వా, అట్లే పడుకోనుండు. ఊపిరి బిగబట్టొద్దు."

గోడ పట్టుకుని, కుడికాలు ఎత్తి, ఈరక్క నడుం మీద పెట్టింది. నేలకు ఆనని ఆ పాదం మెత్తగా, వెచ్చగా ఉంది.

"ఇది అరగలేదవ్వా. నేలమీద పెట్టనే లేదు నేను. నీకోసరమే దాచిపెట్టినా. అమ్మకు గూడా చెప్పలేదు."

అమ్మ గుమ్మంలోనే ఉంది, వేడినీళ్ళ సంచి పట్టుకుని.

"ఏం చెప్పినావత్తా దీనికి?"

నడుం పట్టినందుకు ఈరక్క ఆ ఒక్క క్షణం సంతోషించింది. తల తిప్పి కోడలి ముఖం చూడవలసిన పని లేదు. ఆదివారం అన్న మాటలన్నీ నేలతో చెప్పింది. అరిగిపోయిన కాలు, కొత్త కాలు, జాగ్రత్తగా పెట్టుకోమన్నది, అమ్మతో అనొద్దన్నది. పాపం పిల్ల! అడిగినదానికల్లా నిజమే చెప్పింది. నొప్పి లేదు, పడలేదు, ఎవరూ తోయలేదు. చెప్పొద్దన్నది ఒక్కటే చెప్పలేదు.

వర్షిణి ఇదంతా పట్టించుకోలేదు. ఈరక్క ఎట్లా తొక్కుతుందో అట్లాగే శ్రద్ధగా తొక్కి, కాలు తీసి గాల్లోనే పెట్టుకుని, అడిగింది:

"తొక్కేసినా కదవ్వా. ఇంక నేలమీద పెట్టొచ్చా?"

ఈరక్క భోరుమంది. "పెట్టు తల్లీ! రెండు కాళ్ళూ పెట్టు. దుంకు, ఉరుకు, ఏమన్నా చేసుకో. అరిగితే అరగనీ. నా నడుం పోతే పోనీ!"

వర్షిణి కుడికాలు నేల మీద పెట్టింది. ఒకసారి అవునో కాదో అన్నట్టు అదిమి చూసుకుంది. అంతే, జనం కాళ్ళ సందుల్లోంచి దూసుకుని వీధిలోకి పరుగు తీసింది. నాగప్ప గుమ్మంలో వంగి ఆ పాదాలనే చూశాడు. "బాగానే ఆనుతాంది" అని చెప్పి, సంచి సర్దుకుని, "అయితే నేను ముదిగుబ్బకు పోవాల్నా, వద్దా?" అని అడిగాడు. ఎప్పటిలాగే ఎవరూ జవాబు చెప్పలేదు. సుధారాణి వచ్చి వేడినీళ్ళ సంచిని అత్తగారి నడుం మీద పెట్టింది, అవసరమైనదానికన్నా కొంచెం గట్టిగానే. పెట్టాక ఆమె కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

సాయంత్రానికి నడుం విడిచింది. మాత్ర వల్లనని సుధారాణి అంటుంది. పిల్ల కాలి వల్లనని ఈరక్క అంటుంది, కోడలు వినకుండా. శారదమ్మ మాత్రం ఆపరేషన్ కేసులకు కూడా ఆ గుణం ఉంటుందని వీధిలో అందరి ముందూ ఒప్పుకుంది.

కానీ ఆ పొద్దున జనమంతా వెళ్ళిపోయాక కూడా ఈరక్క లేవడానికి తొందరపడలేదు. నీళ్ళ సంచి మార్చనా అని సుధారాణి అడిగితే, "ఉండు, మాట్లాడొద్దు" అంది. చెంప నేలకు ఆనించి అట్లాగే పడుకుంది. వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి వర్షిణి పరుగెత్తుతున్న చప్పుడు నేలలోంచి ఆమె చెవికి వినిపిస్తోంది. రెండు పాదాల చప్పుడూ.